కుక్క మూత్రం వాసన: తుడిచినా ఎందుకు తిరిగొస్తుంది?

పెంపుడు కుక్క ఇంట్లో మూత్రం పోస్తే గుడ్డతో తుడిచి, ఫినాయిల్ నీళ్లతో కడిగేస్తాం. ఆ పూటకు వాసన పోతుంది కూడా. కొన్నాళ్లకు గాలిలో తేమ పెరగగానే అదే మూల నుంచి ఘాటు మళ్లీ మొదలవుతుంది. కుక్క వెతుక్కుంటూ వెళ్లి సరిగ్గా అక్కడే మళ్లీ పోస్తుంది. ఇక అప్పుడు ఇంట్లో టెన్షన్. ఒకరు వెనిగర్ వాడమంటారు, ఒకరు బేకింగ్ సోడా అంటారు, ఇంకొకరు రెండూ కలపమంటారు, మరొకరు బ్లీచింగ్ పౌడర్ చల్లమంటారు. వీటిలో కొన్ని పనికొస్తాయి, కొన్ని దండగ, కొన్ని ప్రమాదం. ఏది ఎందుకు పనిచేస్తుందో అర్థం కావాలంటే, ముందు నేల మీద పడిందేమిటో, అది ఎక్కడిదాకా వెళ్లిందో తెలియాలి.

కుక్క మూత్రంలో దాదాపు 95 శాతం నీళ్లే. మిగిలిన కాస్తలో యూరియాది పెద్ద వాటా. దాంతోపాటు లవణాలు, క్రియాటినిన్ అనే కండరాల వ్యర్థం, పసుపు రంగునిచ్చే పదార్థాలు, కొద్దిపాటి ప్రొటీన్లు, ఒక్కో కుక్కను గుర్తుపట్టించే వాసన పదార్థాలు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్క అప్పుడే పోసిన మూత్రానికి పెద్దగా వాసన ఉండదు. ముక్కు మండించే ఘాటు అమ్మోనియాది, అది తర్వాత పుడుతుంది. నేల మీద, దుమ్ములో, గుడ్డల్లో ఉండే బ్యాక్టీరియాలో కొన్ని యూరియేజ్ అనే ఎంజైమ్‌తో యూరియాను విడగొట్టి అమ్మోనియాగా మారుస్తాయి. అందుకే అప్పటికప్పుడు తుడిచిన చోటికీ, రాత్రంతా వదిలేసిన చోటికీ అంత తేడా.

క్లీనర్ల ప్రకటనల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: 'యూరిక్ యాసిడ్ స్ఫటికాలు నీళ్లకు కరగవు, అందుకే వాసన పోదు' అని. యూరిక్ యాసిడ్ నీళ్లలో సరిగా కరగదన్నది నిజమే. కానీ చాలా కుక్కల్లో కాలేయం దాన్ని అలంటాయిన్ అనే, నీళ్లలో బాగా కరిగే పదార్థంగా మార్చేస్తుంది. జన్యుపరమైన తేడా వల్ల డాల్మేషియన్ జాతిలో మాత్రం ఈ పని సరిగా జరగదు. అందుకే ఆ జాతి కుక్కలకు మూత్రాశయంలో యూరేట్ రాళ్లు (యూరిక్ యాసిడ్ లవణాల రాళ్లు) ఎక్కువగా వస్తాయి. మిగతా కుక్కల విషయంలో ఈ స్ఫటికాల కథను పట్టుకుని భయపడాల్సిన పనిలేదు. యూరియా, లవణాలు, క్రియాటినిన్, అలంటాయిన్ అన్నీ నీళ్లలో కరిగేవే. అంటే త్వరగా చూసుకుంటే మామూలు నీళ్లే సగానికి పైగా పని చేసిపెడతాయి. మూత్రం మన గుడ్డకు అందనంత లోపలికి దిగిపోయినప్పుడే చిక్కు వస్తుంది.

వాసన తిరిగి రావడానికి కారణం కూడా అక్కడే ఉంది. లోపల ఎండిపోయిన లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. తేమ తగలగానే బ్యాక్టీరియా మళ్లీ పని మొదలుపెడుతుంది, మిగిలి ఉన్న వాసన పదార్థాలు గాలిలోకి లేస్తాయి. అది కొత్త వాసనేమీ కాదు, మొదటిరోజు మనం బయటికి తీయకుండా వదిలేసిన పాతదే.

మొదటి పది నిమిషాల్లో

గ్లేజ్ ఉన్న టైల్స్ మీద పోస్తే దిగులే లేదు. మూత్రం పైనే ఉంటుంది. పీల్చే గుడ్డతోనో పేపర్ టవల్‌తోనో తీసేసి, నీళ్లలో కొద్దిగా లిక్విడ్ సోప్ కలిపి తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడిస్తే సరిపోతుంది. టైల్స్ మధ్య సందులను మాత్రం చూసుకోవాలి. అక్కడి సిమెంటు మూత్రాన్ని పీల్చుకుంటుంది. నేలంతా శుభ్రంగా ఉన్నా వాసన వస్తుంటే ముందుగా వెతకాల్సింది ఆ సందుల్లోనూ, గోడకు నేల కలిసే అంచులోనూ.

తివాచీ, సోఫా, పరుపు అయితే మాత్రం ఆ పది నిమిషాలే సగం ఫలితాన్ని తేల్చేస్తాయి. మందపాటి పొడి గుడ్డ వేసి, పైన నిలబడో చేత్తో గట్టిగా నొక్కో పీల్చనివ్వాలి. గుడ్డ మార్చి మళ్లీ నొక్కాలి. తడి అంటడం ఆగేదాకా ఇదే పని. రుద్దకూడదు, రుద్దితే మచ్చ పక్కలకు పాకుతుంది, పోగులు దెబ్బతింటాయి. ఆ తర్వాత చల్లటి నీళ్లు కొద్దిగా పోసి మళ్లీ పీల్చాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే యూరియా, లవణాల్లో ఎక్కువ భాగం నీళ్లతోపాటు బయటికి వచ్చేస్తుంది. తడిని లాగే వాక్యూమ్ ఉంటే ఈ పని ఇంకా బాగా అవుతుంది. ఏ క్లీనర్ కొనాలన్న చర్చ కంటే ఈ పీల్చే పనికే నేను ఎక్కువ విలువిస్తాను. ఎందుకంటే బయటికి వచ్చేసిన మూత్రంతో ఏ రసాయనానికీ పని ఉండదు.

ఆవిరి పట్టే యంత్రాన్ని ఈ దశలో దగ్గరికి రానివ్వకండి. వేడికి ప్రొటీన్లు పోగులకు గట్టిగా పట్టేస్తాయి, మచ్చా వాసనా రెండూ ముదురుతాయి. మరకపడిన దుప్పట్లు, బట్టల విషయంలోనూ అంతే. ముందు చల్లటి నీళ్లలో జాడించి, ఎంజైమ్ ఉన్న డిటర్జెంట్‌తో ఉతకాలి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకపోవడం మేలు, అది పోగుల మీద పొరలా పేరుకుని వాసనను లోపలే పట్టి ఉంచుతుంది. వాసన పూర్తిగా పోయిందని తేలాకే డ్రైయర్‌లో వేయాలి.

వెనిగర్, సోడా, ఎంజైమ్, బ్లీచ్: ఎవరి పని ఏమిటి

పాతబడిన మూత్రంలో అమ్మోనియా చేరి క్షారగుణం పెరుగుతుంది. వెనిగర్ ఆమ్లం. సగం నీళ్లు, సగం వెనిగర్ కలిపి వాడితే అమ్మోనియా తటస్థమై, గాలిలోకి లేవని లవణంగా మారుతుంది. అంతవరకూ అది నిజంగానే పనిచేస్తుంది. కానీ ప్రొటీన్లు, మిగతా వాసన పదార్థాలు అలాగే ఉండిపోతాయి. కాబట్టి దాన్ని తొలి సాయంగా చూడాలి, అంతకుమించి ఆశించకూడదు.

బేకింగ్ సోడా పొడిగా చల్లితే కొంత తేమనూ, కొన్ని రకాల వాసనలనూ పట్టుకుంటుంది. రాత్రంతా ఉంచి వాక్యూమ్‌తో లాగేస్తే పైపై వాసన తగ్గుతుంది. లోపలికి దిగిన దాన్ని ఇది అందుకోలేదు. ఇక వెనిగర్, సోడా కలిపి పోస్తే బుస్సున పొంగుతుంది, చూడ్డానికి గట్టి మందులా ఉంటుంది. ఆ పొంగులో జరిగేదేమిటంటే ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. చివరికి మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. వాడదల్చుకుంటే రెండిటినీ విడివిడిగా వాడండి.

వాసనను మూలంలోనే తీసేసే పనికి ఎంజైమ్ క్లీనర్లు వచ్చాయి. వీటిలో ప్రొటీన్లను, కొవ్వులను చిన్న ముక్కలుగా విరగ్గొట్టే ఎంజైమ్‌లు ఉంటాయి. కొన్నిటిలో బాసిలస్ జాతి బ్యాక్టీరియాను నిద్రాణ స్థితిలో కలుపుతారు. తడి, ఆహారం దొరకగానే అవి మేల్కొని, తమ ఎంజైమ్‌లతో మూత్రంలోని పదార్థాలను తినేస్తాయి. ఈ క్లీనర్ వాడి ఫలితం లేదన్నవాళ్లను అడిగి చూడండి, తరచూ మూడు పొరపాట్లలో ఏదో ఒకటి బయటపడుతుంది.

మొదటిది, తక్కువ పోయడం. తివాచీ పైన అరచేయంత మచ్చ కనిపిస్తే, కింది మెత్తలో అది చాలా వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. పైపైన నాలుగుసార్లు స్ప్రే చేస్తే ఆ పొరకు ఏమీ అందదు. మూత్రం ఎంత లోతుకు, ఎంత వెడల్పుకు వెళ్లిందో క్లీనర్ కూడా అంత దూరం వెళ్లాలి. మచ్చ అంచు దాటి బయటికి కూడా తడపాలి. రెండోది, తొందర. ఎంజైమ్‌లు తడిలోనే పనిచేస్తాయి, వాటికి సమయం కావాలి. గట్టి నేల మీద పదిహేను నిమిషాలు చాలొచ్చు. తివాచీలో, సోఫాలో కొన్ని గంటలు, ఒక్కోసారి రాత్రంతా తడిగా ఉండాలి. పైన ప్లాస్టిక్ షీట్ కప్పితే త్వరగా ఆరిపోదు. సీసా మీద రాసిన సమయాన్ని తగ్గించకండి. పని జరిగేటప్పుడు వాసన కాస్త పెరిగినట్టు అనిపించవచ్చు, దానికి కంగారుపడక్కర్లేదు. మూడోది, ముందే వేరే రసాయనం వాడేయడం. ఫినాయిల్, బ్లీచ్, క్రిమిసంహారకాలు ఎంజైమ్‌లనూ ఆ బ్యాక్టీరియానూ దెబ్బతీస్తాయి. ముందు అవి వాడి ఉంటే మంచినీళ్లతో బాగా కడిగి, తీసేసి, ఆ తర్వాతే ఎంజైమ్ వేయాలి. ఈ మూడూ సరిగా చేసినా పాత మచ్చకు రెండోసారి వేయాల్సి రావచ్చు.

ఎంజైమ్ దొరకనప్పుడు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక దారి. అది వాసన పదార్థాలను ఆక్సీకరణం చేసి మార్చేస్తుంది. రంగును కూడా అలాగే మార్చేయగలదు కాబట్టి ముందు కనిపించని మూలలో కొద్దిగా వేసి చూసుకోవాలి. పెరాక్సైడ్‌లో సోడా, సబ్బు కలిపి చేసిన ద్రావణాన్ని మూత బిగించి దాచకూడదు. అందులోంచి ఆక్సిజన్ వెలువడుతూ ఉంటుంది, ఆ ఒత్తిడికి సీసా పగలొచ్చు.

ఇక బ్లీచ్. దీన్ని మూత్రం మీద నేరుగా పోయొద్దని గట్టిగా చెబుతున్నాను. బ్లీచ్‌లోని హైపోక్లోరైట్ అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ వాయువులు పుడతాయి. కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు మండుతాయి. తలుపులు మూసిన చిన్న గదిలో, అందులోనూ నేలకు దగ్గరగా ముక్కు పెట్టి తిరిగే కుక్కకు, ఇది ఇంకా ప్రమాదం. బ్లీచింగ్ పౌడర్ కూడా ఈ కోవలోదే. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, యాసిడ్ ఉన్న బాత్రూమ్ క్లీనర్ గానీ కలిస్తే క్లోరిన్ వాయువే వస్తుంది. ఒకరు వెనిగర్ పోసి వెళ్తే, సంగతి తెలియని ఇంకొకరు వచ్చి బ్లీచ్ పోసే ఇళ్లుంటాయి కాబట్టి ఏం వాడారో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. క్రిములు చావాలనుకుంటే ముందు మూత్రమంతా తీసి, సబ్బునీళ్లతో కడిగి, మంచినీళ్లతో తుడిచాక, గాలి ఆడేలా చూసుకుని, బాగా పలచన చేసిన బ్లీచ్‌ను గట్టి నేల మీద మాత్రమే వాడొచ్చు.

ఫినాయిల్ లాంటివి కొత్త వాసనతో పాతదాన్ని కప్పుతాయి, అంతే. ఫినాల్ రసాయనాలు ఉన్న క్లీనర్లు కుక్కలకు మంచివి కావు, ఇంట్లో పిల్లి కూడా ఉంటే అసలే వద్దు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కోవడం వాటి అలవాటు. అమ్మోనియా ఉన్న క్లీనర్లయితే మూత్రంలో ఉండే వాసననే మళ్లీ అక్కడికి తెచ్చిపెడతాయి.

నేలను బట్టి జాగ్రత్త

వెనిగర్ ఇంత మామూలు వస్తువు కాబట్టి ఎక్కడైనా పోయొచ్చనుకుంటారు. పాలరాయి మీద పోయకూడదు. పాలరాయి, సున్నపురాయి కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడినవి. ఆమ్లం తగిలితే పాలిష్ పోయి తెల్లటి గరుకు మచ్చ మిగులుతుంది, అది తుడిస్తే పోయేది కాదు. మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. పాలరాతి ముక్కలు కలిసిన మొజాయిక్ నేలకూ ఇదే ముప్పు. వీటి మీద మరీ ఘాటు లేని సబ్బునీళ్లు, రాయికి పనికొస్తుందని రాసి ఉన్న ఎంజైమ్ క్లీనర్ చాలు.

చెక్క నేలలో మూత్రం పలకల సందుల్లోంచి దిగుతుంది. అమ్మోనియా, తేమ కలిసి చెక్క రంగును మార్చి నల్లటి మచ్చలు మిగులుస్తాయి. నలుపు లోపలిదాకా వెళ్లిపోయాక పైపూత గీకి, చెక్కను సాన పట్టి, మళ్లీ పూత వేయాల్సి వస్తుంది. లామినేట్ అయితే అంచులు ఉబ్బుతాయి, వాటిని మునుపటిలా చేయలేం. అందుకే వీటి మీద నీళ్లు గుమ్మరించకూడదు, తడి గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టాలి.

పరుపు సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. ఒకటి రెండుసార్లు తడిస్తే, పీల్చి, ఎంజైమ్ వేసి, ఫ్యాన్ గాలికో ఎండకో లోపలిదాకా ఆరనిస్తే బాగవుతుంది. నెలల తరబడి తడిసిన ఫోమ్‌ను, తివాచీ కింది మెత్తను బతికించడానికి సీసాల మీద సీసాలు పోయడం వృథా. దాన్ని తీసేసి, కొత్తదానికి మొదటిరోజే నీళ్లు ఇంకని తొడుగు వేయడం మంచిది.

పాత మచ్చ ఎక్కడుందో తెలియకపోతే అతినీలలోహిత టార్చ్ సాయపడుతుంది. 365 నుంచి 395 నానోమీటర్ల కాంతినిచ్చే టార్చ్‌ను చీకటిలో వేస్తే, ఎండిన మూత్రపు మచ్చలు పసుపు పచ్చగా మెరుస్తాయి. డిటర్జెంట్ జాడలు కూడా మెరుస్తాయి కాబట్టి మెరిసిందల్లా మూత్రం కాదు. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని చూడాల్సిందే. మనకు వాసన రానంత మాత్రాన కుక్కకు రాదనుకోవద్దు. మన ముక్కులో వాసన పట్టే కణాలు కొన్ని మిలియన్లుంటే, కుక్క ముక్కులో వందల మిలియన్లు ఉంటాయి. 'ఇక్కడ పోయొచ్చు' అని దానికి ఆ జాడే చెబుతుంది.

కుక్క ఎందుకు పోసింది

నేల ఎంత బాగా కడిగినా, పోయడానికి ఉన్న కారణం అలాగే ఉంటే రేపు ఇంకో మూల తడుస్తుంది. చాలామంది కుక్క కక్షతో చేసిందనుకుంటారు. 'చూడు, తప్పు చేశానని దానికే తెలుసు, తల దించుకుంది' అంటారు. ఈ తప్పు చేసిన ముఖాన్ని అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 14 కుక్కలతో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. తినొద్దన్న పదార్థాన్ని కుక్క తిన్నా తినకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ ముఖం ఎక్కువగా కనిపించింది. ఏ తప్పూ చేయని కుక్క కూడా తిడితే అలాగే ఒదిగిపోయింది. అంటే మనం పశ్చాత్తాపం అనుకుంటున్నది మన కోపానికి అది చూపే భయం.

అందుకే ఎప్పుడో పోసిన మూత్రం దగ్గరికి లాక్కెళ్లి ముక్కు రాయడం, కొట్టడం క్రూరం, పైగా ఫలితం బెడిసికొడుతుంది కూడా. అందులోంచి కుక్క నేర్చుకునే పాఠం 'మనిషి ముందు పోయకూడదు' అని. ఆ తర్వాత అది సోఫా వెనక, మంచం కింద పోస్తుంది, బయటికి తీసుకెళ్తే మన ముందు పోయడానికి జంకుతుంది. పోస్తుండగా చూస్తే అరవకుండా మెల్లగా పిలిచి బయటికి తీసుకెళ్లాలి. బయట పోసిన క్షణంలోనే మెచ్చుకుని తినడానికి ఏదైనా ఇవ్వాలి. ఇంటికి వచ్చాక ఇస్తే దేనికిచ్చారో దానికి అర్థం కాదు.

కుక్కపిల్లకు ఆపుకునే శక్తే తక్కువ. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క చెబుతారు, అంటే మూడు నెలల పిల్లకు నాలుగు గంటలు. అది గరిష్ఠం అనుకోవాలి. మెలకువగా ఆడుతున్న పిల్ల అంతసేపు ఆగదు. నిద్ర లేచాక, తిన్నాక, ఆడాక తప్పకుండా బయటికి తీసుకెళ్లాలి. ఎదిగిన కుక్క గోడలకు, కుర్చీ కాళ్లకు కొద్దికొద్దిగా పోస్తే అది ఈ చోటు తనదని వాసనతో గుర్తు వేయడం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలా మగ కుక్కల్లో ఇది తగ్గుతుంది, అన్నిటిలో కాదు. అతిథులను చూసి సంబరంతోనో, ఎవరైనా మీదికి వంగితే బెదిరో వదిలేసే కుక్కలూ ఉంటాయి. అది వాటి చేతిలో లేని పని. అలాంటప్పుడు పక్కకు తిరిగి కూర్చుని, హడావుడి లేకుండా పలకరిస్తే మెల్లగా తగ్గుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడే పోస్తుంటే, అరుపులు, తలుపు గీరడం కూడా ఉంటే, ఒంటరితనం భయం గురించి ఆలోచించాలి.

ఇన్నాళ్లూ బుద్ధిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోయడం మొదలుపెడితే, శిక్షణ మాట పక్కన పెట్టి ముందు వెటర్నరీ డాక్టర్‌కు చూపించాలి. మాటిమాటికీ కొంచెం కొంచెం పోయడం, రక్తం కనిపించడం మూత్రాశయపు ఇన్ఫెక్షన్‌కో రాళ్లకో సూచన కావచ్చు. ఆపరేషన్ చేయించిన ఆడ కుక్కల్లో కొన్నిటికి మూత్రనాళపు బిగువు తగ్గి, పడుకున్న చోట వాటికే తెలియకుండా కారుతుంది. దీనికి మందులున్నాయి, చాలా కుక్కల్లో బాగా పనిచేస్తాయి కూడా. అలాంటి కుక్కను తిట్టడం అన్యాయం. నీళ్లు విపరీతంగా తాగి, ఎక్కువెక్కువ పోస్తుంటే మధుమేహం, కిడ్నీ జబ్బు, కుషింగ్ జబ్బు (కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) లాంటివి చూడాలి. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగితే, అంటే పది కిలోల కుక్క లీటరు దాటిస్తే, అది ఎక్కువ కిందే లెక్క. గిన్నెలో కొలిచి పోసి, 24 గంటల తర్వాత మిగిలింది కొలిస్తే తెలిసిపోతుంది. స్టెరాయిడ్ మందులు వాడుతున్నా ఇలాగే దాహం పెరుగుతుంది. ముసలి కుక్కల్లో మతిమరుపు జబ్బు వచ్చి, ఎక్కడ పోయాలో మరిచిపోవడమూ ఉంది.

కుక్క ముక్కుతూ, పదేపదే ప్రయత్నిస్తూ, చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. మూత్రం దారి మూసుకుపోయి ఉండొచ్చు, ముఖ్యంగా మగ కుక్కల్లో. అది కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

తుడిచే మనిషి జాగ్రత్త కూడా కొంచెం చెప్పుకోవాలి. లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కుక్క మూత్రం ద్వారా మనుషులకు సోకగలదు. చర్మం మీది గాట్లు, కళ్లు, నోరు, ముక్కు దాని దారులు. తడిలో ఆ బ్యాక్టీరియా బతుకుతుంది, పూర్తిగా ఆరితే చస్తుంది. కాబట్టి గ్లవ్స్ వేసుకోవడం, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, నేలను తడిగా వదలకపోవడం చాలావరకు కాపాడతాయి. కుక్కకు దీనికి టీకా ఉంది. జ్వరంతో, నీరసంతో ఉన్న కుక్క మూత్రాన్ని గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నేల మీది మూత్రాన్ని సిరంజితో లాగి తీసుకెళ్తే, అందులో నేల బ్యాక్టీరియా, క్లీనర్ జాడలు కలిసి పరీక్ష తప్పుదారి పడుతుంది. ఉదయం మొదటిసారి పోసేటప్పుడు శుభ్రమైన గరిటెనో ట్రేనో కింద పట్టి, పొడి డబ్బాలోకి ఒంపండి. వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టి, ఎన్ని గంటలకు పట్టారో డబ్బా మీద రాయండి. ఇన్ఫెక్షన్ కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్ష) చేయాల్సి వస్తే ఆ నమూనా కూడా చాలదు, డాక్టరే సూదితో నేరుగా మూత్రాశయం నుంచి తీస్తారు.